మేరీ ఆంటోనెట్ : వట్టి తొట్టిల

ఫ్రాన్సు దేశమున వెర్సేల్స్ రాజప్రాసాదములో తొమ్మిదడుగుల యెత్తు, ఏడడుగుల వెడల్పు గల తైలవర్ణచిత్రమొకటి కలదు. ఎఱ్ఱని మఖమలు దుస్తులు ధరించిన స్త్రీ యొకతె నడుమ కూర్చున్నది. ఒడిలో తెల్లని బట్టలలో పసిబాలుడు. ఆమె కుడిభుజమున కానుకొని, తల పైకెత్తి, తల్లి ముఖమునే చూచుచు ఒక బాలిక. ఎడమప్రక్క నీలిపట్టీ ధరించిన బాలుడొకడు నిలిచి, నీడలోనున్న యొక తొట్టిలను చేతితో చూపుచున్నాడు. ఆ తొట్టిలలో ఎవ్వరును లేరు.

ఆ స్త్రీ ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్. చిత్రము పూర్తియైన యేడు 1787. చిత్రించినది ఎలిజబెత్ విజే లెబ్రన్ అను విదుషి. చూచిన వెంటనే ఇది బిడ్డలతో గూడిన తల్లి చిత్రమని తోచును. కొంతసేపు నిలిచి చూచినచో, ఒక ప్రభుత్వము తన రాణిపై వచ్చిన అభియోగములకు ప్రజల యెదుట దాఖలుచేసిన జవాబుగా దీనిని చదువవచ్చును. ఎఱ్ఱని దుస్తులు ఒక ఆక్షేపణకు సమాధానము, బోసిమెడ మఱియొక దానికి, పిల్లలు అన్నిటికిని. ఆ అభియోగములెట్టివో తెలియవలెనన్న ఆమె జీవితమును కొంత తెలిసికొనవలెను.

మన పాఠశాలలలో ఫ్రెంచి విప్లవమును బోధించునపుడు ఈమె ప్రస్తావన సాధారణముగా ఒక్క కథతో ముగియును. ప్రజలకు రొట్టె లేదని విని, ఐనచో మిఠాయి తినరాదా యని యడిగెనట. ఈ కథకు ఆధారము లేదు. రూసో తన ఆత్మకథలో పేరు చెప్పని యొక రాకుమారి కా మాటను అంటగట్టెను. ఆ భాగమును వ్రాయునాటికి మేరీ ఆంటోనెట్ వియన్నాలో ఆటలాడుకొను బాలిక. ఉపాధ్యాయులు ఈ కథను మానుట మేలు. ఆమె నిందార్హురాలు కాదని కాదు. నిందకు వేఱు కారణములున్నవి, అవి ఇంతకంటె ఆసక్తికరములు.

ఆమె 1755 నవంబరు 2వ తేదీన వియన్నాలో జన్మించెను. ఆస్ట్రియా మహారాజ్ఞి మేరియా థెరీసాకు పదునాఱుగురు సంతానము. వారిలో ఈమె పదునైదవది. ఫ్రాన్సును ఆస్ట్రియాను బంధించుటకు ఆ రాజ్ఞి తన కుమార్తెను ఫ్రెంచి యువరాజున కీయనెంచెను. పెండ్లిచూపులకు మాఱుగా ఆ కాలపు రాజకుటుంబములలో చిత్తరువులు నడచుచుండెను. 1769లో జోసెఫ్ డూక్రె అను చిత్రకారుని ఫ్రాన్సునుండి వియన్నాకు పంపిరి. అతడు గీసిన పటమును చూచి ముసలి రాజు పదునైదవ లూయీ సంబంధమునకు సమ్మతించెను. ఆ విధముగ ఆ బాలిక ఫ్రాన్సున కడుగిడుటకు ఏడాదికి ముందే ఆమె బొమ్మ అచ్చటికి చేరెను. జీవితాంతము ఆమెకంటె ఆమె బొమ్మయే ముందు నడచెనని ఈ రచయిత అభిప్రాయము.

1770 ఏప్రిలులో పదునాలుగేండ్ల వయసున ఆమె తల్లిని విడిచి బయలుదేరెను. మరల తల్లి ముఖమును చూడలేదు. స్ట్రాస్‌బర్గు సమీపమున రైను నదిలోని యొక ద్వీపముపై, ఇందుకై కట్టిన మందిరములో, ఆస్ట్రియా పరివారము ఆమెను ఫ్రెంచివారికి అప్పగించెను. ఆ మందిరపు గోడలకు చిత్రములు నేసిన తెరలు వ్రేలాడగట్టిరి. ఆ యూరిలో చదువుకొనుచున్న యువకుడు గేటే వేడుక చూడబోయి, ఆ తెరలను చూచి నిర్ఘాంతపోయెను. వానిపై నున్నది గ్రీకు పురాణములోని మెడియా కథ. భర్త మఱియొకతెను పెండ్లాడుచున్నాడని ఆగ్రహించి, ఆ నూతనవధువును, తన కన్నబిడ్డలను చంపిన స్త్రీ మెడియా. వధువునకు స్వాగతము చెప్పుచోట ఈ చిత్రములా యని గేటే కోపించెను. వానిని అలంకరించిన ఉద్యోగులకు అవి మంచి రంగుల బట్టలు మాత్రమే. చిత్రమునకు అర్థముండునని తలచువాడు ఆ గుంపులో అతడొక్కడే కాబోలును.

వివాహము 1770 మే 16వ తేదీన వెర్సేల్స్‌లో జరిగెను. 1774లో ముసలిరాజు మరణించి, భర్త పదునాఱవ లూయీగా సింహాసన మెక్కెను. అప్పటికామెకు పదునెనిమిదేండ్లు. భర్త మంచివాడే కాని బిడియస్తుడు, మందగామి. ఎనిమిదేండ్లవఱకు సంతానము కలుగలేదు. రాజవంశమున పిల్లలు లేని కోడలికి లోకమున నెట్టి గౌరవముండునో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆమె ఆ శూన్యమును జూదముతో, నాట్యములతో, ఆకాశమంటు శిరోజాలంకారములతో నింపెను. తలపై నిలువెత్తు ఈకలేమని తల్లి 1775లో జాబు వ్రాసి మందలించెను. ఆ తల్లియే తన కూతురి సరియైన పటమునకై యేండ్లతరబడి యడుగుచుండెను; వచ్చినదేదియు ఆమెకు తృప్తి నీయలేదు. తుదకు 1778లో ఇరువదిమూడేండ్ల చిత్రకారిణి యొకతె తెల్లని పట్టుదుస్తులలో రాణిని నిలువెత్తున చిత్రించెను. ఆ పటము వియన్నాకు పోయెను. ఆ చిత్రకారిణియే విజే లెబ్రన్. రాణియు ఆమెయు ఒకే యేడు పుట్టినవారు. ఆ సంవత్సరము డిసెంబరులోనే రాణికి తొలిచూలు కుమార్తె మేరీ థెరేస్ జన్మించెను.

విజే లెబ్రన్ పారిస్ నగరమున ఒక సామాన్య చిత్రకారుని కూతురు. పండ్రెండేండ్లకే తండ్రి పోయెను. ముఖచిత్రములు గీసి యిల్లు గడుపుకొనుచు ఎదిగెను. రాజాస్థానపు చిత్రకళాపరిషత్తులో స్త్రీలకు నాలుగు స్థానములే యుండెను. ఆమె భర్త చిత్రముల వర్తకుడను మిషతో పరిషత్తు అడ్డుచెప్పగా, 1783లో రాజాజ్ఞ తెప్పించి ఆమెను చేర్పించినది రాణియే. అందుచేత ఈ చిత్రకారిణి రాణిపక్షపాతి. చిత్రమును చదువునపుడు ఈ సంగతిని మఱువరాదు. (మనవైపు వారు ఈమెను మఱియొక కారణముచేత కూడ గుర్తుంచుకొనవలెను. 1788లో టిప్పు సుల్తాను రాయబారులు ఫ్రెంచిరాజును దర్శింప పోయినపుడు, వారిలో మహమ్మద్ దర్వేష్ ఖాను నిలువెత్తు చిత్రమును గీసినది ఈమెయే.)

ఇక మొదటి ఆక్షేపణ. పరిషత్తు రెండేండ్లకొకసారి లూవ్రు ప్రాసాదమున చిత్రప్రదర్శనము జరుపుచుండెను. దానిని సలోన్ అందురు. 1783 సలోన్‌లో విజే లెబ్రన్ రాణిని సన్నని తెల్లని మస్లిను గౌనుతో, గడ్డిటోపీతో, నగలు లేకుండ చిత్రించి ప్రదర్శించెను. రాణి తన విడిదియైన చిన్న ట్రియనాన్ భవనమున అట్లే యుండెడిది. చూచినవారు గగ్గోలు పెట్టిరి. రాణిని లోబట్టలతో నిలిపిరని కొందఱు, లియాన్ పట్టునేతగాండ్ర నోటిలో మట్టికొట్టుటకు విదేశపు నూలుబట్ట కట్టినదని మఱికొందఱు. కొన్ని దినములకే ఆ పటమును దింపి, అదే భంగిమలో పట్టుదుస్తులతో, చేత గులాబితో మఱియొక దానిని పెట్టవలసివచ్చెను.

నూలుబట్టకు ఇంత కోపమేల? మస్లిను మొదట మన దేశమునుండియే ఐరోపాకు పోయినది. మన తీరపు అద్దకపు బట్టలు, వానిలో మచిలీబందరువి కూడ, ఫ్రాన్సున నెంతగా ప్రియమైనవనగా, పట్టు, ఉన్ని నేతగాండ్రను కాపాడుటకు 1686 నుండి 1759 వఱకు అద్దకపు నూలుబట్టలను అచ్చట నిషేధించిరి. ఆ జ్ఞాపకము ఇంకను పచ్చిగా నుండెను. రాణి కట్టిన బట్ట ఒక మగ్గమును నిలుపగలదు, ఒక మగ్గమును పడగొట్టగలదు. ఆమె కది తెలియలేదు. తేలికగా నుండునని కట్టెను.

రెండవది రత్నహారపు కథ. బోమర్, బసాంజ్ అను నగల వర్తకులు పదునైదవ లూయీ ప్రియురాలికై 647 వజ్రములతో ఒక హారము కూర్చిరి. వెల పదునాఱు లక్షల లివర్లు. రాజు మరణించుటచే అది వారి మెడకు గుదిబండ యయ్యెను. మేరీ ఆంటోనెట్‌కు చూపగా ఆమె వలదనెను. అపుడు జాన్ ద లా మోత్ అను వంచకి, రాణి అనుగ్రహమునకై పరితపించుచున్న రోహాన్ కార్డినలును పట్టుకొని, రాణి రహస్యముగ హారము కోరుచున్నదని నమ్మించెను. 1784 ఆగస్టులో ఒక రాత్రి వెర్సేల్స్ ఉద్యానమున, తెల్లని మస్లిను గౌను తొడిగిన యొక యువతిని రాణియని చూపెను. ఆ గౌను ఏ చిత్రమునుండి వచ్చినదో పాఠకులు గ్రహింపగలరు. హారము కార్డినలు చేతులనుండి వంచకులకు చేరి, ముక్కలై లండనులో అమ్ముడుపోయెను. 1785 ఆగస్టు 15న కార్డినలును బంధించిరి. 1786 మే 31న పారిస్ న్యాయస్థానము అతడు నిర్దోషియని తీర్చెను. తీర్పుయొక్క అంతరార్థమును ప్రజలు చక్కగా చదువుకొనిరి: రాణి అర్ధరాత్రమున తోటలో ఒకనిని కలిసికొని వజ్రములడుగుట నమ్మదగిన సంగతియే యని. ఆ హారమును ఆమె తాకనైన తాకలేదు. నిర్దోషికి ఇంతకంటె గట్టి శిక్ష యుండునా?

ఆ 1785 సలోన్‌లోనే స్వీడను చిత్రకారుడు వేర్ట్‌ముల్లర్ రాణిని ఇద్దఱు బిడ్డలతో ట్రియనాన్ తోటలో షికారుచేయుచున్నట్లు చిత్రించెను. పోలిక బాగున్నను ఠీవి లేదని అందఱు పెదవి విఱిచిరి. అపుడు రాజభవన నిర్మాణశాఖ విజే లెబ్రన్‌కు ఈ పెద్ద చిత్రపు పనిని అప్పగించెను. పారితోషికము 18,000 లివర్లు. మిక్కిలి పెద్ద మొత్తము.

ఇపుడు మరల చిత్రముకడకు పోదము. మస్లినుకు బదులు బరువైన ఎఱ్ఱని మఖమలు, అంచున ఖరీదైన బొచ్చు. తలపై అదే రంగు టోపీ, తెల్లని ఈకలు. ఇది రాణి, తోటలో తిరుగు గొల్లపడుచు కాదు అని దుస్తులు చెప్పుచున్నవి. చెవులకు ముత్యములున్నవి, మెడ మాత్రము బోసి. 1787లో చిత్రమును చూడవచ్చిన ప్రతివాడును ఆ మెడవైపే మొదట చూచియుండును. కుడివైపున చీకటిలో నున్న పొడవైన బీరువా రాణి నగలది. ప్రాచీన రోమునగరమున కొర్నేలియా అను తల్లి, నగలు చూపుమన్న పొరుగామెకు తన కుమారులనే చూపెనను కథ ఆనాటి చదువరులకు కంఠస్థము. నగలు నీడలో, పిల్లలు వెలుగులో. తల్లి శిరస్సు శిఖరముగ, బిడ్డలు ఇరువైపుల దిగువగ నొక త్రికోణము ఏర్పడినది. రాఫేలు గీసిన మేరీమాత చిత్రములలో గూడ ఇట్టి కూర్పే కానవచ్చును. ఎడమవైపున వెనుక దూరమున అద్దాలమహలు లీలగ కానవచ్చును, రాజ్యమెక్కడనో మఱువవలదని.

ఇన్నియు సరిగ నమరినవి. అదియే ఈ చిత్రముయొక్క లోపమని నా కనిపించును. రాణి బిడ్డలవైపు చూచుటలేదు. మనవైపు చూచుచున్నది, సాక్షి న్యాయాధిపతిని చూచినట్లు. ఒడిలోని పిల్లవానిని పట్టుకొనుటలో గూడ ఒక జాగ్రత్త, ఒక దూరము. చిత్రకారిణికి చేతగాక కాదు. అదే 1787 సలోన్‌లో ఆమె తన చిత్రమును కూడ ప్రదర్శించెను. అందులో ఆమె చిన్నారి కూతురిని గుండెకు హత్తుకొని, పలువరుస కొంచెము కనబడునట్లు నవ్వుచున్నది. పండ్లు కనబడ నవ్వుట మర్యాద కాదని విమర్శకులు తప్పుపట్టిరి. కాని ఆ నవ్వులో అబద్ధము లేదు. రాణి అట్లు నవ్వరాదు, అట్లు వంగరాదు. రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టి విద్యార్థులకు చూపినచో, రాచఱికమనగా నేమియో ఒక పాఠములో తెలియును.

ఈ చిత్రమున ప్రాణముతో నున్నవి రెండే. ఒకటి, తల్లి భుజమున కానుకొన్న మేరీ థెరేస్ చూపు. రెండవది, వట్టి తొట్టిల. చిత్రము పని సాగుచుండగా 1786 జూలై 9న రాణికి నాలుగవ సంతానము సోఫీ పుట్టెను. తొట్టిల ఆ శిశువుది. 1787 జూన్ 19న, తొలి పుట్టినదినమునకు మూడువారములు ముందు, ఆ బిడ్డ మరణించెను. సలోన్‌కు రెండునెలలు వ్యవధి. తొట్టిల నిలిచినది, బిడ్డ లేదు. యువరాజు లూయీ జోసెఫ్ చేయి దానివైపే చాచియున్నది. ప్రభుత్వము కోరిన వాదనలో ఈ వాక్యము లేదు, మృత్యువు చేర్చినది.

అంతచేసి ప్రయోజనమేమి? ఆ యేడు ఫిబ్రవరిలో మంత్రి కలోన్ రాజ్యపు లెక్కలలో పదునొకండు కోట్ల లివర్లకు పైగా లోటున్నదని బయటపెట్టెను. దేశమున ఆ లోటుపేరే రాణికి మాఱుపేరైపోయెను. సలోన్ ఆగస్టులో ఆరంభమగునాటికి, జనులేమందురోయని జంకి చిత్రమును కొన్ని దినములు నిలిపివేసిరి. దాని చట్రము మాత్రము ముందుగా గోడనెక్కెను. ఆ వట్టి చట్రమును చూపి ఒకడు, ఇదిగో లోటు, అని పరిహసించెనట. తరువాత చిత్రమును పెట్టినను ఆ పరిహాసమే నిలిచినది.

న్యాయముగ చెప్పవలెనన్న ఆమె దుబారా నిజమే. ట్రియనాన్ ప్రక్కన ఆటకై ఒక పల్లెటూరినే కట్టించెను. ఆప్తులకు పింఛనులు కురిపించెను. ఐనను 1788 లెక్కలలో రాజాస్థానపు వ్యయమంతయు నూటికి ఆఱుపాళ్ళు. అప్పులపై చెల్లింపులే సగము. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమునకు ఫ్రాన్సు నూఱుకోట్ల లివర్లకు పైగా ఖర్చుచేసెను. అప్పుల పట్టికకు ముఖము లేదు. రాణికి ముఖమున్నది, ఆ ముఖము సలోన్‌లో వ్రేలాడుచున్నది.

1789 మేలో ప్రజాప్రతినిధుల మహాసభ వెర్సేల్స్‌లో కూడెను. జూన్ 4న, తొట్టిలను చూపిన ఆ యువరాజు ఏడేండ్ల వయసున క్షయవ్యాధిచే మరణించెను. దేశము తొందరలో నుండెను. ఒక బాలుని మృతికి ఆగుటకెవరికి తీఱిక? ఈ చిత్రము ప్రాసాదమున రాణి ప్రార్థనకు పోవు దారిలో నుండెను. దానిని దాటి పోవునప్పుడెల్ల ఆమె కంట నీరాగలేదట. అందుచే దానిని తీయించి లోపల పెట్టించెను. చిత్రకారిణి తన స్మృతులలో ఈ సంగతి వ్రాయుచు, అక్టోబరులో వెర్సేల్స్‌పై బడిన జనుల చేతినుండి చిత్రము తప్పించుకొనుటకు అదియే కారణమని చెప్పినది. ఆ అక్టోబరు 6న రాజకుటుంబమును పారిస్‌కు తరలించిరి. విజే లెబ్రన్ కూతురిని వెంటబెట్టుకొని బాడుగబండిలో దేశము విడిచి పోయెను.

తరువాతి కథ అందఱెఱిగినదే. పారిపోవ యత్నించి పట్టుబడిరి. 1792లో రాచఱికము రద్దయ్యెను. 1793 జనవరి 21న రాజును వధించిరి. జూలై 3న ఎనిమిదేండ్ల లూయీ చార్లెసును, ఈ చిత్రమున ఆమె యొడిలోనున్న పిల్లవానిని, తల్లినుండి వేఱుచేసిరి. అక్టోబరులో ఆ బాలునిచేత ఒక కాగితముపై సంతకము చేయించి, తల్లిపై పలుకరాని యొక నిందను న్యాయస్థానమున చదివిరి. ఆమె తొలుత బదులు చెప్పలేదు. ఒక జ్యూరీసభ్యుడు పట్టుబట్టగా లేచి నిలిచి, తల్లికి ఇట్టి నింద వేయుట ప్రకృతికే విరుద్ధమనియు, అచ్చటనున్న తల్లులందఱు దీనికి సాక్షులనియు చెప్పెను. ఆమె శత్రువులైన స్త్రీలు సైతము ఆ క్షణమున చలించిరందురు. ఎఱ్ఱని మఖమలును, నీడలోని నగల బీరువాయు చెప్పజాలని దానిని, నల్లని పాతబట్టలు కట్టుకొన్న స్త్రీ రెండు మాటలలో చెప్పినది. తీర్పు మాఱలేదు.

1793 అక్టోబరు 16న, ముప్పదియేడేండ్ల వయసున, ఆమెను బండిలో వధ్యస్థానమునకు కొనిపోయిరి. దారిలో డేవిడ్ అను చిత్రకారుడు ఆమెను చూచి కాగితముపై నాలుగు గీతలు గీసికొనెను. 1787 సలోన్‌లో ఇతని సోక్రటీసు మరణచిత్రము కూడ నుండెను. ఇపుడితడు రాజమరణమునకు ఓటువేసిన విప్లవనాయకుడు. గీతలలో దయ లేదు. కత్తిరించిన జుట్టు, వెనుకకు కట్టిన చేతులు, బిగించిన పెదవులు, ముసలితనము దిగిన ముఖము. వీపు మాత్రము నిటారుగ నున్నది. విజే లెబ్రన్ చిత్రములో కృత్రిమముగ తోచిన ఆ నిటారుతనము, శత్రువు గీసిన గీతలో కూడ మిగిలినది. అపుడది ఆమె సహజగుణమేయని నమ్మవలసివచ్చుచున్నది.

నెపోలియను కాలమున, 1802లో స్వదేశమునకు మరలివచ్చిన విజే లెబ్రన్ ఒకనాడు తన చిత్రమును చూడ వెర్సేల్స్‌కు పోయెను. జనులెందఱో వచ్చి చూచుచున్నారని తెలిసి నెపోలియను దానిని తీయింపగా, అది మూసిన గదిలో గోడవైపు ముఖము త్రిప్పి యుండెను. కావలివాడు ఆమెను గుర్తుపట్టి చిత్రమును ఇటు త్రిప్పి చూపెను. ఆమె 1842లో, ఎనుబదియాఱేండ్ల వయసున మరణించెను.

ఒడిలోని బాలుడు 1795 జూన్ 8న, పదియేండ్ల వయసున, కారాగారమున మరణించెను. తల్లి భుజమున కానుకొన్న బాలిక ఒక్కతె మిగిలెను. ఆమెను ఆ యేడు డిసెంబరులో ఖైదీల మార్పిడిక్రింద విడిచి, తల్లి పుట్టిన వియన్నాకు పంపిరి. దాయాదిని పెండ్లాడి, కొంతకాలము ఫ్రాన్సునకు మరలివచ్చి, 1815లో తల్లిదండ్రుల యస్థులు సాన్ దనీ దేవాలయమున సమాధి చేయబడుట చూచి, 1830 విప్లవముతో మరల ప్రవాసమునకు పోయి, 1851లో వియన్నా సమీపమున ఫ్రోస్‌డార్ఫ్ కోటలో కన్నుమూసెను. ఆమెకు సంతానము కలుగలేదు.